సమస్య: కూలి బూడిదైన క్రెయూస కొడుకుఁ గనియె

పృచ్ఛకుడు: ఛందస్సు తేటగీతి. గ్రీకు పురాణాల్లో క్రెయూసలు నలుగురైనా ఉన్నారు. గ్రీకులో ఏలేవాడంటే క్రెయాన్, ఏలే ఆడదంటే క్రెయూస. అంటే పేరు పెట్టకుండా 'రాజుగారమ్మాయి' అని ఊరుకున్నట్టే. అందుకే ఒకరి కథ ఇంకొకరి మీద పడిపోతుంటుంది. బూడిదయ్యాక కొడుకును కనడమేమిటన్న విరోధం తీర్చండి, కానీ ఒకరి ఏడుపు ఇంకొకరికి అంటగట్టకండి.

పూరణ 1:
ఊరు వేరు, పేరొక్కటే యుర్వి మీఁద;
మెడియ పంపిన పగచీర మేన మండి
ఒక క్రెయూస కొరింతులో నుసురుఁ బాసి
కూలి బూడిదైన, క్రెయూస కొడుకుఁ గనియె.

విమర్శ: 'పగచీర' చాలా బాగుంది. తన భర్త పెళ్లాడబోయిన కొరింతు రాజకుమారికి మెడియా పెళ్లికానుకగా పంపిన విషవస్త్రం కథంతా ఆ ఒక్క మాటలో వచ్చేసింది. గ్రీకు నాటకకర్త యురిపిడీస్ నాటకంలో ఈ పిల్లకు అసలు పేరే లేదు. అయితే 'ఐనన్' అని విరిస్తే ద్రుతం వల్ల 'గ్రెయూస' అవ్వాలి కదండీ. పైగా కొడుకును కన్న రెండో ఆవిడ ఎవరో చెప్పనే లేదు.

పూరణ 2:
ట్రాయి కోటను గ్రీకులు రగులఁజేయ
మగని వెనుక నడచి దారి మలుపుఁ దప్పి
నీడయై నిల్చి, తన పురి నిప్పు రేగి
కూలి బూడిదైన క్రెయూస కొడుకుఁ గనియె.

విమర్శ: మాస్టారూ, ట్రా-ర యతి చక్కగా కుదిరింది. కానీ రోమన్ కవి వర్జిల్ చెప్పిన కథలో ఆ నీడ కనిపించింది భర్త ఏనియాస్‌కే. పిల్లవాడు అప్పటికే ఊరి బయట ఉన్నాడు. మన బిడ్డను ప్రేమగా చూసుకోమని చెప్పి మాయమైంది, పాపం.

పూరణ 3:
గుహను విడిచిన శిశువుకై కుమిలి కుమిలి
బుట్టలోఁ దాను నేసిన పొత్తిఁ జూచి
డెల్ఫి గుడి ముంగిటను, నాఁడె డెంద మెల్ల
కూలి బూడిదైన క్రెయూస కొడుకుఁ గనియె.

విమర్శ: అమ్మా, 'పొత్తి' దగ్గర ఆగిపోయాను. ఏథెన్సు రాజు ఎరెక్థియస్ కూతురు ఈమె. డెల్ఫి గుడి దేవుడు అపోలో వల్ల పుట్టిన బిడ్డను ఆ గుడ్డలోనే చుట్టి వదిలింది. నేత నేర్చుకునే వయసులో సగంలో ఆపేసిన ముక్క, మధ్యలో పాముల జుట్టున్న రాక్షసి గోర్గాన్ తల, అంచున పాములు. బుట్టలోకి చూడకుండానే ఇవన్నీ చెప్పింది, ఆ గుడిలో పెరిగిన అయాన్ తన కొడుకేనని అలా తేలింది. కాబట్టి 'పొత్తిఁ జెప్పి' అనండి. 'శిశువుకై' గ్రాంథికంలో 'శిశువునకై' అవుతుంది, 'బిడ్డకై' అంటే గణం చెడదు.

పూరణ 3 కవయిత్రి: రెండూ మార్చుకుంటున్నానండీ. 'చెప్పి' అనగానే ఆమె గొంతు వినిపించింది నాకు.

పృచ్ఛకుడు: నాలుగో క్రెయూస థెస్సలీలో పెనియస్ నదికి భార్య, జలదేవత, హిప్సియస్ తల్లి. ఆవిడ మీద ఇంకా ఎవరూ రాయలేదు. నీటిలో బూడిద ఎలా కుదురుస్తారో, రేపటి దాకా చూస్తాను.