సౌర కణాల డిటెక్టర్‌ను హార్సిలీ హిల్స్ మీద పెట్టాలా, వద్దా?

కడప డిగ్రీ విద్యార్థి: సౌర జ్వాలలు ఎగసినప్పుడు వచ్చే కణాలను పట్టే కేంద్రాలు కొన్ని ఎత్తైన కొండల మీద ఉన్నాయి. మన పక్కనే హార్సిలీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తుంది. అక్కడ ఒకటి పెట్టమని అడిగితే తప్పేముంది?

కర్నూలు ఇంజనీరు: ఇస్రో ఉపగ్రహం ఆదిత్య ఎల్1 2024 జనవరి నుంచి సూర్యుణ్ణి చూస్తూనే ఉంది. ఇక కొండలెక్కడం దండగ ఖర్చు.

అనంతపురం ఫిజిక్స్ లెక్చరర్: దండగ అంటే ఒప్పుకోనన్నా. ఉపగ్రహంలో ఇమిడే పరికరం చిన్నది. బాగా ఎక్కువ శక్తి ఉన్న కణాలు అరుదుగా వస్తాయి, వాటికి పెద్ద పరికరం కావాలి, దాన్ని నేల మీదే కట్టగలం. 1982 జూన్ 3న స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మీద, 3,500 మీటర్ల పైన, సూర్యుడి న్యూట్రాన్లు తొలిసారి నేల మీది పరికరానికి దొరికాయి. సీసం లాంటి పదార్థాల మధ్య గ్యాస్ నింపిన గొట్టాలు, అంతే ఆ పరికరం. 100 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న న్యూట్రాన్ వెలుతురు కంటే దాదాపు 11 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని బట్టే దాని శక్తి లెక్కకడతారు.

కానీ తమ్ముడూ, హార్సిలీ దీనికి చాలదు. దక్షిణ భారతం మీద భూమి అయస్కాంత క్షేత్రం చాలా బలమైన అడ్డుగోడ. సూర్యుడి ప్రోటాన్లలో ఎక్కువ భాగాన్ని అది తిప్పికొట్టేస్తుంది. మిగిలింది విద్యుదావేశం లేని న్యూట్రాన్లే, వాటిని గాలి మింగేస్తుంది.

విద్యార్థి: సార్, ఏప్రిల్ ఆఖరులో అనంతపురంలో సూర్యుడు నడినెత్తికే వస్తాడు కదా. అప్పుడు గాలి పొర తక్కువే!

లెక్చరర్: మంచి పాయింట్, ఆ లాభం నిజమే. అయినా హార్సిలీ పైన చదరపు సెంటీమీటరుకు దాదాపు 890 గ్రాముల గాలి ఉంటుంది. ఎత్తైన టిబెట్‌లోని యాంగ్‌బాజింగ్‌లో 600. ఆ తేడాలోనే చాలామటుకు న్యూట్రాన్లు పోతాయి. అడిగేదేదో లద్దాఖ్‌లోని హాన్లేకి అడుగుదాం, అది 4,500 మీటర్లు.

ఇంజనీరు: హాన్లేలో పెడితే సీమ పిల్లలకు ఒరిగేదేంటి సార్?

లెక్చరర్: వాళ్లకు మ్యూవాన్ డిటెక్టర్ ఇవ్వండి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొంటే పుట్టే మ్యూవాన్లు అనే కణాలు నేల దాకా వస్తాయి, చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి. కణం తగిలితే మెరిసే సింటిలేటర్ పలకలు రెండు ఒకదానిపై ఒకటి పెట్టి, రెండింట్లో ఒకేసారి వచ్చిన సిగ్నల్ లెక్కపెడితే చాలు. ఊటీలో కాస్మిక్ కిరణాలను గమనించే గ్రేప్స్-3 ప్రయోగం వాళ్లు 2015 జూన్ 22న సౌర తుఫాను జాడ పట్టింది మ్యూవాన్లతోనే. వాళ్లది 560 చదరపు మీటర్లు, మన కాలేజీలో అంత పట్టదు. కానీ ల్యాబ్‌లో ఒక బల్ల ఖాళీగా ఉంది, దానికి మాత్రం నేను ఈ నెలలోనే ప్రిన్సిపాల్‌కు రాసిస్తాను.