కాలువ పక్క మా వీధికి వరద మ్యాప్ గీస్తున్నా. కొలతలు ఒకదానితో ఒకటి కలవడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నా?

పిండిమర అక్క, నెల్లూరు

అందరికీ నమస్కారం. కాలువ గట్టు పక్క వీధిలో మాకు పిండిమర ఉంది. పోయిన కార్తీకంలో రెండు రోజులు వదలకుండా కురిసిన వానకి రాత్రి రెండు గంటలప్పుడు మరలోకి నీళ్లొచ్చాయి. మోటారు కాలిపోయింది. జనం ఆడించమని ఇచ్చిపోయిన బియ్యం, రాగులు, మినుములు అన్నీ బురదలో కలిసిపోయాయి. మోటారు పోయినందుకు కాదు, ఎవరి సంచి ఏదో కూడా చెప్పలేక వాళ్ల మొహాలు చూడాల్సి వచ్చినందుకు నాకు ఎక్కువ బాధేసింది.

మళ్లీ ఆ గతి పట్టకూడదని ఇల్లిల్లూ తిరిగి, గోడ మీద నీళ్లు నిలబడిన గీత ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలుస్తున్నా. ఇప్పటికి 43 ఇళ్లయ్యాయి. వీధి బొమ్మ గీసి, మోకాలి లోతు దాటితే ఎరుపు, అంతకు తక్కువైతే పసుపు, గడప దగ్గరే ఆగితే ఆకుపచ్చ వేశా. చూస్తే అతుకుల బొంతలా ఉంది. మా మరలో 68 సెంటీమీటర్లు. నాలుగిళ్ల అవతల టైలరు వాళ్లింట్లో 21. కల్వర్టు దాటాక ఒక ఇంట్లో 74. ఒకే నీళ్లు, ఒకే రాత్రి, ఇంత తేడా ఎందుకు? మా అబ్బాయి ఫోన్లో శాటిలైట్ ఎత్తుల మ్యాప్ తీసి చూపించాడు. దాని ప్రకారం అసలు మా వీధే మెరక!

ఇంకో ఇబ్బంది. ఇద్దరు ఇంటి ఓనర్లు ఎరుపు వేయొద్దని గొడవ పెట్టుకున్నారు, స్థలం రేటు పడిపోతుందంట. వాళ్ల బాధా నిజమే. ఈ వానలు మొదలయ్యేలోపు మ్యాప్ పూర్తి చేయాలని నా టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

సర్వే తమ్ముడు, ఒంగోలు

అక్కా, ముందు ఆ శాటిలైట్ మ్యాప్ పక్కన పెట్టేయండి. ఉచితంగా దొరికే ఎత్తుల డేటాలో ఒక్కో గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటుంది. అందరూ వాడే ఎస్‌ఆర్‌టీఎం అనే డేటా అయితే 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసింది. రాడార్‌కి ఇంటి కప్పు, చెట్టు కొమ్మ కూడా నేలలాగే కనబడతాయి. ఎత్తులో తప్పే మీటర్లలో ఉంటుంది. మీ కథంతా అర మీటరులో నడుస్తోంది.

మీ కొలతలు తప్పు కాదు. ఒక్కో ఇంట్లో ఆ ఇంటి గచ్చు మీద నుంచి కొలిచారు, తిరకాసు అక్కడే. టైలరు వాళ్లు ఎప్పుడో గచ్చు లేపించి ఉంటారు. అన్నిటినీ ఒకే మట్టానికి తేవాలి. వీధిలో ఎప్పటికీ కదలని చోటు ఒకటి పట్టుకోండి, గుడి అరుగో, బోరింగ్ దిమ్మో. దాన్ని 1000 సెంటీమీటర్లు అనుకోండి. అక్కడి నుంచి ప్రతి ఇంటి గచ్చు ఎంత ఎగువో ఎంత దిగువో చూసి, దానికి గీత ఎత్తు కలపండి. పరికరం అద్దెకి తేనక్కర్లేదు, మేస్త్రీలు గోడలు కట్టేటప్పుడు పట్టే నీళ్ల లెవల్ పైపు చాలు, నీళ్లు నింపిన ఆ సన్నటి పైపు రెండు చివర్లా నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి. పైపులో బుడగ లేకుండా చూసుకోండి. ఒక్క బుడగ ఉన్నా లెక్క మొత్తం పోతుంది. చివరికి మళ్లీ గుడి అరుగు దగ్గరికే వచ్చి ముగించండి. మొదలుపెట్టిన అంకె తిరిగి వస్తే కొలత సరిగ్గా వచ్చినట్టు.

గీత ఏదో కూడా జాగ్రత్త. గోడ మీద పైన కనిపించేది చెమ్మ పాకిన మరక, నీళ్లు అంత ఎత్తుకి రాకపోయినా ఇటుక పీల్చుకుని పైకి లాగుతుంది. బీరువా వెనకో, అద్దం తలుపు మీదో సన్నగా బురద గీత ఉంటుంది చూడండి. దాన్నే తీసుకోండి.

రంగుల గొడవకి నాకు తోచింది చెబుతా. డోర్ నంబర్లకి రంగు వేయకండి, రోడ్డుకి వేయండి. రాత్రి పూట మనిషి నడిచేది రోడ్డు మీదే కదా. లోతు ఒక్కటే చూడకుండా నీళ్లు లాగే చోట గుర్తు పెట్టండి. ఉరవడి ఉంటే పిక్కల్లోతు నీళ్లు కూడా మనిషిని పడేస్తాయి.

పాత లస్కరు

అమ్మా, నేను కాలువల మీద లస్కరుగా, అంటే తూములూ నీళ్లూ చూసుకునే పనిలో చేసి రిటైరైన వాణ్ణి. తమ్ముడు చెప్పిన కొలత బాగుంది. అయితే ఆ కాలువ ఏందో నువ్వు ముందు తెలుసుకోవాలి. నెల్లూరు ఊళ్లో మురుగు పారే కాలువలు చాలావరకు ఒకప్పటి సాగు కాలువలే. పెన్నా ఆనకట్ట నీళ్లు మళ్లకి పోయినయి వాటిలో. మళ్లు పోయి ఇళ్లు వచ్చినయి, కాలువ మాత్రం అదే.

సాగు కాలువ మొదట్లో వెడల్పు, పోనుపోను సన్నం. దారి పొడుగునా తూముల్లో నీళ్లు దిగిపోతాయి గనక చివర్లో అంత వెడల్పు అక్కర్లేదు. మురుగు కాలువ దీనికి తలకిందులు. ప్రతి వీధి నీళ్లూ వచ్చి కలుస్తాయి గనక పోనుపోను వెడల్పు కావాలి. అక్కడే మనకి దెబ్బ. ఇంకోటి, మళ్లకి నీళ్లు వాటంతటవే పారాలని సాగు కాలువని మెరక మీద తీస్తారు. అందుకే గట్టు మీ గడపల కంటే ఎత్తుగా ఉంటుంది. కాలువ నిండితే వీధి నీళ్లు అందులోకి పోవు, కాలువ నీళ్లే సైడు కాలువలోంచి వెనక్కి తంతాయి. ఆ రాత్రి నీళ్లు ముందు ఎటునించి వచ్చినయి? గట్టు పొర్లా, ఇంట్లో తూము లోంచా?

గీతలన్నీ ఒక మట్టానికి తెచ్చాక కాలువ వెంబడి పైనుంచి కిందికి వరసగా రాసి చూడు. కొద్దికొద్దిగా ఒకే వాలుగా దిగుతుంటే కాలువే చాలడం లేదని అర్థం. ఒక చోటి దాకా సమంగా ఉండి, ఆడ ధబాలున దిగితే, ఆడేదో అడ్డం పడి ఉన్నట్టు.

2021 నవంబరు గీతల్ని దీంట్లో కలపబాక. అప్పుడు పెన్నా మీది సోమశిల డ్యాము నుంచి లక్షల క్యూసెక్కులు వదిలారు, పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట తెగినయి. ఏరు నిండుగా ఉంటే ఊరి నీళ్లకి దిగే దారి ఉండదు. పోయిన కార్తీకం వాన సంగతి వేరు. రెండు మ్యాపులు గియ్యి.

సర్వే తమ్ముడు, ఒంగోలు

పెద్దాయన చెప్పినదానికి ఒక లెక్క కలుపుతా. మీ వీధుల నీళ్లు పాతిక ఎకరాల నుంచి వస్తాయనుకోండి. గంటకి 40 మిల్లీమీటర్ల వాన పడి, సిమెంటు నేల గనక అందులో 80 శాతం పారితే, సెకనుకి దాదాపు 900 లీటర్లు, అంటే దాదాపు 32 క్యూసెక్కులు. ఒకప్పటి మళ్లయితే గట్ల మధ్య ఈ నీళ్లు చాలావరకు నిలబడిపోయేవి.

పిండిమర అక్క, నెల్లూరు

రెండు ఆదివారాలు పట్టింది. మేస్త్రీ అన్న పైపు ఇచ్చి, తనే ఒక చివర పట్టుకున్నాడు. గుడి అరుగు 1000. మా మర గచ్చు 977, దానికి 68 కలిపితే 1045. టైలరు వాళ్ల గచ్చు 1023, దానికి 21 కలిపితే 1044. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పడ్డప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. వీధి ఈ చివర నుంచి కల్వర్టు దాకా 1044, 1045, 1046, అంతే. కల్వర్టు దాటాక 74 వచ్చిన ఇంటి గచ్చు 937, అంటే 1011. కల్వర్టుకి ఇటూ అటూ 34 సెంటీమీటర్ల తేడా!

నిన్న పొద్దున కాలువ తగ్గినప్పుడు దిగి చూశాం. కల్వర్టులో రెండు గొట్టాలు. ఒకటి మట్టితో పూర్తిగా మూసుకుపోయింది. రెండోదానికి అడ్డంగా ఒక నీళ్ల పైపు పోతోంది, దానికి చీర పేలికలు, సిమెంటు సంచులు, గుర్రపుడెక్క చుట్టుకుని చాపలా అల్లుకుపోయి ఉన్నాయి. మేస్త్రీ అన్న గడ్డపారతో పొడిస్తే గడ్డపార దిగలేదు.

నాన్నా, మీరడిగింది గుర్తుచేసుకుంటే, మా ఇంట్లో నీళ్లు ముందు బాత్రూం తూము లోంచే వచ్చాయి. గట్టు పొర్లింది గంట తర్వాత.

పాత లస్కరు

అది చాలమ్మా, దొరికింది. ఒక్క మాట. ఆవేశపడి రేపే కల్వర్టు తవ్వించబాక. ఇప్పుడు నీ వీధిలో ఆగే నీళ్లు అప్పుడు ఆ 74 ఇంటి మీదికి పోతాయి. పూడిక ఎప్పుడూ కింది నుంచి పైకి తియ్యాలి. కల్వర్టు దిగువన చివరిదాకా నడిచి, ఏ ఇళ్ల దగ్గర కాలువ సన్నబడిందో మ్యాపులో ఎక్కించు. ఆ కాగితం వార్డు ఆఫీసులో ఇచ్చేటప్పుడు దిగువ వాళ్లని కూడా వెంట తీసుకుపో.

పిండిమర అక్క, నెల్లూరు

అలాగే నాన్నా. నాకు మా వీధి గురించి తప్ప ఆ ఆలోచనే రాలేదు. దిగువన ఉన్న ఆ ఇంట్లో మంచం దిగలేని ముసలావిడ ఉంది, ఆ రాత్రి తలుపు రెక్క మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. మ్యాపులో ఆ ఇంటికి వేరే గుర్తు పెట్టా, ముందు లేపాల్సింది వాళ్లనే.

మ్యాపు మరలో గోడకి అంటించా, రంగు రోడ్డుకే వేశా. పిండి ఆడించుకోను వచ్చినవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఇందాక ఒకామె "మా ఇంటి దగ్గర తప్పు రాశావు, బురద గీత ఇంకా కిందుంది, నువ్వు చెమ్మ గీత కొలిచావు" అని పెన్సిలు తీసుకుని నాలుగు సెంటీమీటర్లు తగ్గించి దిద్దింది. రేపు పొద్దున పైపు తీసుకుని వాళ్లింటికి మళ్లీ వెళ్తున్నాం, అక్కడి నుంచి దిగువకి నడుస్తాం.