ట్రాక్ మీద తేలిక కారా, ఎక్కువ హార్స్‌పవర్ కారా?

బరంపురం సభ్యుడు:
ఇక్కడి నుంచి మద్రాసు దగ్గరి ఇరుంగట్టుకోట్టై కార్ల రేసు ట్రాక్ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వెళ్లి నడపడానికి బరువు తక్కువ కారు కొనాలా, హార్స్‌పవర్ ఎక్కువున్నది కొనాలా అన్న ప్రశ్న మొన్న మా స్నేహితుల మధ్య తగవుగా మారింది కనుక ఇక్కడ ఉంచుతున్నాను. నేను తేలిక కారు వైపే. టన్నుకు ఎంత హార్స్‌పవర్ అన్న ఒక్క లెక్కతో తేల్చేవారు ఒక సంగతి మరుస్తారు. 800 కిలోలకు 160 హార్స్‌పవర్ ఉన్న కారూ, 1,600 కిలోలకు 320 ఉన్న కారూ తిన్నని దారిలో వేగం అందుకోవడంలో ఇంచుమించు సమానమే అయినా, గంటకు 200 కిలోమీటర్ల నుంచి 80కి దిగవలసి వచ్చినప్పుడు మొదటిదాని బ్రేకుల మీద సుమారు 10 లక్షల జౌళ్ల శక్తి పడితే, రెండవదాని మీద 20 లక్షలు పడుతుంది. 1996 నాటి లోటస్ ఎలీస్ అనే చిన్న స్పోర్ట్స్ కారు 118 హార్స్‌పవర్‌తోనే పేరు తెచ్చుకున్నదంటే అది దాని 725 కిలోల బరువు చలవే.

జయపురం సభ్యుడు:
లెక్క ఒప్పే. కాని పెద్ద కారుకు పెద్ద బ్రేకు డిస్కులూ వెడల్పాటి టైర్లూ వేస్తారు గదా, ఆ మాట వదిలేశారు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ రేసు ట్రాక్‌లో కిలోమీటరు దాటిన తిన్నని దారి ఉంది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కనుక అక్కడ ఇంజనుదే పైచేయి; మలుపులో మీరు సంపాదించిన అరసెకను అక్కడ వడ్డీతో సహా చెల్లిస్తారు.

బరంపురం సభ్యుడు:
టైరు మీద భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదండీ, అంతకంటే తక్కువే పెరుగుతుంది. వెడల్పు ఆ లోటును కొంత పూడ్చినా చక్రమే బరువెక్కుతుంది. సుంకి మీదుగా సాలూరు ఘాట్ దిగే లారీలకు ఎంత పెద్ద బ్రేకులున్నా, సరుకుతో దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పకుండా డ్రైవర్లు చిన్న గేరులోనే దిగుతారు. (ఘాట్ రోడ్డును ట్రాక్ చేసుకోమని కాదు సుమా.)

రాయగడ సభ్యుడు:
ఇద్దరూ పరుగులో గాలి కారును నేలకు అదిమే ఒత్తిడిని మరిచారు. జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌లో 20.6 కిలోమీటర్ల ల్యాపును 2017లో 700 హార్స్‌పవర్ పోర్షే జీటీ2 ఆర్ఎస్ 6 నిమిషాల 47 సెకన్లలో ముగిస్తే, 2022లో 525 హార్స్‌పవర్ జీటీ3 ఆర్ఎస్ 6 నిమిషాల 45 సెకన్లలోపే ముగించింది. బరువులో పెద్ద తేడా లేదు. గంటకు 285 కిలోమీటర్ల వేగంలో 860 కిలోల ఒత్తిడితో కారును నేలకు అదిమే రెక్కలదే ఆ ఘనత. టైర్ల మీద భారం పెరుగుతుంది గాని మలుపులో బయటికి ఈడ్చే బరువు పెరగదు.

బరంపురం సభ్యుడు:
ఈ ఉదాహరణ ముందు నా వాదం కొంత తగ్గించుకోక తప్పదు. అయితే ఆ ఒత్తిడి వేగపు వర్గంతో మారుతుంది కనుక, రెక్క అదే కోణంలో ఉంటే 95 కిలోమీటర్ల వేగంలో అందులో తొమ్మిదో వంతు, అంటే 95 కిలోలే మిగులుతాయి. మద్రాసు ట్రాక్‌లోని నిదానపు మలుపుల్లో మళ్లీ కారు సొంత బరువే ముందుకొస్తుంది. జయపురం గారూ, మీ కారు బ్రేకు ప్యాడ్లు అక్కడ ఎన్నో ల్యాపుకు పట్టు తప్పాయో రాయండి.