గమ్ము అట్టకు జెర్రిపోతు అంటుకుంది, ఎలా విడదీయాలి?

తెనాలి నుంచి రాస్తున్నాను. మా పక్క వాటా వాళ్లు ధాన్యం బస్తాల సందులో ఎలకలకని గమ్ము అట్ట పెట్టారు. పొద్దున చూస్తే ఎలక లేదు, రెండు మూరల జెర్రిపోతు పిల్ల పడి ఉంది. గడ్డం నుంచి నడుం దాకా అతుక్కుపోయింది. పక్కనే ఒక బల్లి, అదెప్పుడో చచ్చిపోయింది. వాళ్లబ్బాయి కర్రతో లాగబోతే ఆపాను. పాము ఇంకా బతికే ఉంది. లాగితే ఏమవుతుంది? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
అస్సలు లాగొద్దండీ, పొలుసులతో పాటు చర్మం ఊడొస్తుంది. నాగుపామును జెర్రిపోతు అనుకునేవాళ్లు చాలామంది, కాబట్టి మీరు చెయ్యి పెట్టకండి. అటవీ శాఖకు గానీ మీ ఊళ్లో పాములు పట్టేవాళ్లకు గానీ ఫోన్ చేయండి. వాళ్లొచ్చేలోపు దూరం నుంచే మిగిలిన గమ్ము మీద బియ్యప్పిండి చల్లండి, మెలికలు తిరిగినా ఇంకా అంటుకోదు. ఎండ తగలనివ్వకండి. వచ్చినవాళ్లు అంచు నుంచి వంటనూనె రాస్తూ మెల్లగా విడదీస్తారు. అదే పిట్ట అయితే నూనె పోయకూడదు, ఈకలు పాడైపోతాయి. అట్టతో సహా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.
ఇంకో మాట. 2022 సవరణ తర్వాత జెర్రిపోతు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది. పక్కవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

జవాబు 2:
బాపట్ల వైపు వరి రైతును. విషం లేని పాము, పైగా ఎలకల్ని తినేది. దాన్నే చంపుకుంటే ఎలకలు పెరగవా? అలాగని అట్ట తీసేసి బ్రోమాడయోలోన్ బిళ్లలు పెట్టించకండి. ఆ మందు తిన్న ఎలక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. దాన్ని పట్టిన గుడ్లగూబకూ ఆ విషం ఎక్కుతుంది. ఇంట్లోకి ఇనప బోను చాలు. ఎండుచేప ముక్క కట్టి రాత్రి పెట్టండి, పొద్దున్నే చూడండి. వేరేది పడితే తలుపు తీసి వదిలేయొచ్చు. బస్తాలు గోడకు మూరెడు దూరంలో, చెక్కల మీద పేర్చమనండి. తూములకు ఇనప జల్లెడ కొట్టించాలి.

అడిగినవారు:
పాములు పట్టే అబ్బాయి వచ్చి విడదీశాడు. పొట్ట కింద అరచేయంత మేర పొలుసులు పోయాయి, మానేదాకా తన దగ్గరే ఉంచుతానన్నాడు. పక్కింటావిడ మిగతా అట్టలు తీసి నాకే ఇచ్చేసింది, నేనే బోను కొనిస్తానన్నాను. పందికొక్కులు కూడా వస్తున్నాయి, వాటికి మామూలు బోను ఆగుతుందా, పెద్దది చేయించాలా?