సమస్య: అవును కాదు నడుమ నాఫు నిలిచె

నిర్వాహకుడు:
నిన్న ల్యాబ్‌వ్యూలో (బొమ్మలు కలిపి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్) పంపు ప్యానెల్‌కి హ్యాండ్-ఆఫ్-ఆటో (చేత్తో నడపడం, ఆపడం, దానంతటదే నడవడం) స్విచ్ చేస్తుంటే ఈ పాదం తట్టింది, వదలబుద్ధి కాలేదు. బూలియన్‌కి (అవును/కాదు విలువకి) రెండే స్థితులు, స్విచ్చికేమో మూడు. ఆఫ్ అంటేనే "కాదు" కదా, అది అవును-కాదుల మధ్యకెలా వచ్చిందో చెబుతూ, ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించండి.

పంపుసెట్టు:
చేయి యొక్క వైపు, చివర్న నాటో యుండ
నాబు మధ్యలోన నడక యాగె
సున్న, యొకటి, రెండు సూచించె నీనమ్ము
అవును కాదు నడుమ నాఫు నిలిచె

గోదారి గట్టు:
మాస్టారూ, "చివర్న" దగ్గర వకారం గురువైపోయింది, నగం (మూడు లఘువులు, ఒక గురువు) రావాల్సిన చోటు అది. "చివర" అంటే సరిపోతుంది.

తీగరాగం:
మూడో పాదం నాకు బాగా నచ్చింది, ఈనమ్ (ఒక్కో స్థానం పేరుకి వరుస అంకె ఇచ్చే డేటా రకం), దాని 0-1-2 భలే ఒదిగాయి. కానీ సమస్య తెగలేదు మాస్టారూ. హ్యాండ్‌లో పెడితే మోటారు తిరుగుతుంది, ఆటోలోనూ ఫ్లోటు (నీటిమట్టం చూసే స్విచ్) అడిగితే తిరుగుతుంది, రెండూ అవునే. మరి కాదు ఎక్కడ?

పంపుసెట్టు:
చివర్న తప్పు ఒప్పుకున్నాను, దిద్దుకుంటా. తీగరాగం, నువ్వు కిందటి వారం పద్యంలో హ్యాండ్‌కొకటి ఆటోకొకటి 2 బూలియన్లు పెట్టావు గుర్తుందా? 2 పెడితే 4 కలయికలు వస్తాయి, నాలుగోది హ్యాండూ ఆటో కలిసి ఆన్, అది ప్యానెల్ మీద ఉండకూడని స్థితి. అప్పుడు యతి కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు, ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు.

తీగరాగం:
నిజమే, అది నా తప్పే. అందుకే ఈసారి ఇలా:

దీప మొకటి వెలుగ దీటౌనె బూలియన్?
పంపు నడుప నదియె పాటి యగునె?
శిష్యు డడుగ గురువు చెప్పె వరుసగాను
"అవును, కాదు, నడుమ నాఫు నిలిచె"

నిర్వాహకుడు:
ఆహా! క్రమాలంకారం. మొదటి ప్రశ్నకి అవును, రెండోదానికి కాదు, ఎందుకు కాదో కూడా అదే పాదంలో వచ్చేసింది. నేనిచ్చిన పాదంలో ఒక్క అక్షరం కదలకుండా విరుపు మార్చావు చూడు, పొద్దున్నుంచి నాలుగుసార్లు చదువుకున్నా.

పంపుసెట్టు:
ఇది పూరణ అంటే. నాది వర్ణన దగ్గరే ఆగిపోయింది, ఒప్పుకోవాలి. నిర్వాహకులకి ఒక్క మాట, ఆ ఈనమ్‌ని టైప్ డెఫ్‌గా (ఒకచోట మారిస్తే వాడినచోటల్లా మారేలా) సేవ్ చేసుకోండి, కేస్ స్ట్రక్చర్‌లో (ఒక్కో విలువకి ఒక్కో పని రాసే చోట) డిఫాల్ట్, అంటే మిగతా విలువలన్నిటికీ కలిపి ఒకే కేస్, పెట్టకండి. రేపు నాలుగో స్థానం చేరిస్తే, దానికి కేస్ రాయలేదని రన్ బాణం విరిగి (ప్రోగ్రాం నడవదని గుర్తు) అక్కడికక్కడే కనిపిస్తుంది.