ఎమైలేజ్‌లో తిరగలి ఎక్కడిది?

బొబ్బిలి: లాలాజలంలోని ఎమైలేజ్ పాఠం నడుస్తోంది. పేరుకి మూలం వెతికితే ‘తిరగలి పట్టనిది’ అని తేలింది. పిండిని అరిగించే ఎంజైముకి ఈ పేరేటి మాస్టారూ?

చీపురుపల్లి: నిజమేనండి. గ్రీకులో ‘మ్యులె’ అంటే తిరగలి. ముందున్న ‘అ’, మన అశాంతిలోని ‘అ’ ఒకే వేరు. తిరగలితో పనిలేకుండా తీసిన పిండి ‘అమ్యులొన్’, లాటిన్‌లో ‘అమిలుమ్’. క్రీ.పూ. 2వ శతాబ్దపు రోమన్ కేటో పద్ధతి కూడా రాసిపెట్టాడు: బాగుచేసిన గోధుమలు తొట్టిలో పోసి రోజుకి రెండుసార్లు నీళ్ళు పొయ్యాలి. పదో రోజు నీళ్ళు వంపేసి, పిసికి, కొత్త గుడ్డలో వేసి పాలు పిండి, ఆ పాలని ఎండలో పెట్టాలి.

ఆమదాలవలస: మాడుగుల హల్వాకి తీసే గోధుమపాలే కదండీ! కానీ అక్కడ రుబ్బుతారు మరి.

చీపురుపల్లి: రుబ్బడం వేరు, విసరడం వేరు. పొడిగింజ విసిరితే పొట్టు, జిగురు, పిండి కలిసే పడతాయి. నానిన గింజలో పొట్టూ జిగురూ గుడ్డలో ఆగి, తెల్లటి పిండి పాలతో దిగుతుంది. పేరు ఆ తేడాకే.

చివరి ‘ఏజ్’ ఇంకా తమాషా. 1833లో పాయెన్, పెర్సో అనే ఫ్రెంచివాళ్ళు మొలకెత్తిన బార్లీ నుంచి తీసినదానికి ‘డయాస్టేజ్’ అని పేరు పెట్టారు. గ్రీకు ‘డియాస్టసిస్’ అంటే విడివడడం. పిండిరేణువు పైపొరని అది విడదీస్తుందనుకున్నారు. నిజానికి పిండి గొలుసులే తెగి మాల్టోజ్ లాంటి చక్కెరలవుతాయి. ఊహ పోయింది, పేరు మిగిలింది. 1898లో డ్యూక్లో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పదం తోక కోసి ఎంజైములన్నిటికీ తగిలిద్దామన్నాడు. ‘స్టసిస్’ మన ‘స్థితి’కి చుట్టమే గానీ, తెగిన తోకకి విడిగా అర్థం లేదు. దానికి తెలుగు ప్రత్యయం వెతకడం దండగ.

నరసన్నపేట: క్లాసులో చూపించాలంటే చోళ్ళు (రాగులు) చాలు. రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, రెండు రోజులు మొలకలు రానిచ్చి, ఎండబెట్టి పిండి పట్టించండి. చిక్కటి జావ 60–65 డిగ్రీలకి చల్లారాక ఆ మొలకల పిండి చెంచాడు కలిపితే చూస్తుండగానే పల్చబడుతుంది. కుతకుతలాడుతుండగా వేస్తే ఎంజైము చెడి జావ గట్టిగానే ఉంటుంది. మొలకలని కమ్మగా వేయించినా అంతే. అయోడిన్ చుక్క వేస్తే పిండికి వచ్చే నీలం తగ్గడం చూపాలంటే మాత్రం బియ్యప్పిండి జావ వాడండి, చోడి జావ నలుపులో ఏదీ తేలదు.