డిస్లెక్సియా ఉన్న తొమ్మిదేళ్ల బాబుకి ఎలాంటి పుస్తకాలు తేవాలి?

చిన్నోడి అమ్మ:
మా బాబుకి తొమ్మిదేళ్లు. డిస్లెక్సియా ఉందని ఈమధ్యే పరీక్షలు చేసి చెప్పారు. డైనోసార్ల గురించి అడిగితే ఆపకుండా చెప్తాడు, పుస్తకం తెరిస్తే మాత్రం రెండు లైన్లకే అలిసిపోతాడు. తెలుగులో ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగుతాడు. ఇంగ్లిష్‌లో మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తాడు. చదవగలిగిన పుస్తకాలు తెస్తే "ఇవి చిన్నపిల్లలవి" అని పక్కన పెట్టేస్తున్నాడు. వాడి వయసువి తెస్తే చదవలేకపోతున్నాడు. డిస్లెక్సియా కోసం ప్రత్యేకమైన ఫాంట్‌లో అచ్చువేసిన పుస్తకాలు ఉంటాయట, అవి కొంటే సరిపోతుందా? పేజీ మీద రంగు ప్లాస్టిక్ షీటు పెట్టి చదివించమని ఒకరు చెప్పారు. ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

రీడింగ్ టీచర్:
అమ్మా, నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. ఇలాంటి పిల్లలకి చదవడం నేర్పడమే నా పని. ముందు ఆ రంగు షీట్ల ఆలోచన మానేయండి. మాటలోని శబ్దాలను విడదీసి పట్టుకోవడం, వాటిని అక్షరాలతో జత చేయడం కష్టమవడమే డిస్లెక్సియాలో ప్రధానమైన ఇబ్బంది. కంటిచూపుతో వచ్చిన చిక్కు కాదది. రంగు షీట్లకీ, రంగు అద్దాలకీ తగిన ఆధారాలు లేవని అమెరికాలో పిల్లల డాక్టర్లు, కంటి డాక్టర్ల సంఘాలు 2009లోనే ఉమ్మడిగా ప్రకటించాయి. ఓపెన్‌డిస్లెక్సిక్ లాంటి ఫాంట్లతో కూడా చదవడం మెరుగుపడుతుందని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. బాబుకి ఆ అక్షరాలు నచ్చితే వాడుకోండి, వాటి కోసమని ఎక్కువ డబ్బు పెట్టకండి.

అక్షరాల మధ్య ఎడం సంగతి వేరు. 2012లో వెలువడిన ఒక పరిశోధనలో ఇటలీ, ఫ్రాన్స్ పిల్లలకి అక్షరాల మధ్య ఎడం పెంచి ఇస్తే, డిస్లెక్సియా ఉన్నవాళ్లు తక్కువ తప్పులతో, ఇంకా వేగంగా చదివారు. తెలుగుకైతే లైన్ల మధ్య ఎడం కూడా అంతే ముఖ్యమని నేను రోజూ చూస్తున్నాను. ఇరుకుగా అచ్చువేసిన పేజీలో పై లైనులోని 'స్త్ర' ఒత్తులు దిగి వచ్చి కింది లైనులోని 'కి' గుడికి తగులుతుంటాయి. ఏ ముక్క ఏ అక్షరానిదో తేల్చుకోవడంతోనే పిల్లవాడి ఓపిక అయిపోతుంది. కొనేముందు మధ్యలో ఒక పేజీ తెరిచి, ఒత్తుకీ దాని కింది గుడికీ మధ్య తెల్లజాగా ఉందో లేదో చూడండి. లైను చివర మాటను విరిచిన పుస్తకాలు, కుడి అంచు సమంగా రావాలని మాటల మధ్య ఖాళీలు సాగదీసినవీ వద్దు.

ఇంకొకటి, సంధి. "వెళ్ళిపోయాడనుకున్నాడు" అన్నది మనం ఒక్క చూపులో చదివేస్తాం. బాబుకి అది తొమ్మిది అక్షరాలు, రెండు ఒత్తులు. చివరికి చేరేసరికి మొదలు మర్చిపోతాడు. "వెళ్ళిపోయాడు అనుకున్నాడు" అని విడిగా రాసే రచయితలు దొరికితే వదలకండి. లేదంటే మీరే పెన్సిల్‌తో మధ్యలో సన్నగా గీత పెట్టివ్వండి.

ఇక అసలు విషయం. మీ సమస్య ఒకే పుస్తకంతో తీరేది కాదమ్మా. కంటికి ఒకటి, చెవికి ఒకటి పెట్టుకోండి. కంటి పుస్తకంలో వాడికి ఇప్పటివరకూ నేర్పిన అక్షరాలు, గుణింతాలు, ఒత్తులతోనే కథ నడవాలి. ఇంగ్లిష్‌లో వీటిని డీకోడబుల్ పుస్తకాలంటారు. తొమ్మిది పదేళ్ల పిల్లలు సిగ్గుపడకుండా పట్టుకునే బొమ్మలతో, కథలతో కూడా వస్తున్నాయి. ఒకే వాక్యం పేజీ పేజీకీ తిరిగొస్తూ, బొమ్మ చూస్తే మాట తెలిసిపోయేవి మాత్రం ఈ పనికి రావు. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి చదివించండి, చదువుతున్నాడో ఊహిస్తున్నాడో వెంటనే తెలుస్తుంది.

చెవి పుస్తకానికి ఈ హద్దులేవీ లేవు. డైనోసార్ల మీద పెద్ద క్లాసు పిల్లల పుస్తకం తెచ్చి మీరు చదివి వినిపించండి, ఆడియో పెట్టండి. విని తెలుసుకున్నా తెలుసుకున్నట్టే. మిగతా పిల్లలకి కొత్త మాటలు, కొత్త సంగతులు పుస్తకాల్లోంచి అందుతుంటాయి. చదవడం ఆలస్యమైనంత మాత్రాన అవి బాబుకి అందకుండా పోకూడదు.

నాకూ ఉంది:
నాకు ముప్ఫై దాటాయి, నాకూ డిస్లెక్సియా ఉంది. లావు పుస్తకం తేకండి. చాప్టర్ రెండు మూడు పేజీల్లో అయిపోతే "ఇది పూర్తి చేశాను" అని రోజూ చెప్పుకోవచ్చు. ఆ మాట చెప్పుకోగలగడం నాకు చిన్నప్పుడు ఎంతో ధైర్యాన్నిచ్చింది. ఏ పేజీకా పేజీ విడిగా ఉండే విజ్ఞానం పుస్తకాలు కూడా మంచివే, వాడి డైనోసార్లు అక్కడే ఉంటాయి. కామిక్స్‌లో మాటలు తక్కువ, బొమ్మల సాయం ఎక్కువ. అయితే ఇంగ్లిష్ కామిక్స్ చాలావాటిలో అన్నీ పెద్ద అక్షరాలే, పైగా చేతిరాతలా ఉంటాయి. నాకు అవి కష్టమయ్యేవి. బాబుకి ఒక పేజీ చూపించి వాడినే అడగండి. చుట్టాలు వచ్చినప్పుడు పైకి చదివి వినిపించమని మాత్రం దయచేసి అడగకండి.

ఇద్దరు పిల్లల నాన్న:
ఇంగ్లిష్‌కైతే బారింగ్‌టన్ స్టోక్ ప్రచురణలు చూడండి. 1998లో మొదలైన సంస్థ. కథ పెద్ద పిల్లలది, భాష తేలిక, కాగితం లేత పసుపు. తెలుగుకి స్టోరీవీవర్ సైటులో ఉచితంగా కథలున్నాయి, స్థాయిల వారీగా విడదీసి పెట్టారు. స్క్రీన్ మీద కాబట్టి పెద్దది చేసుకోవచ్చు. అక్కడి స్థాయి ఒక్కటే చూసి ఎంచుకోకండి, మొదటి స్థాయి కథల్లోనూ గట్టి ఒత్తులు తగులుతాయి. ముందు మీరు చదవండి.

చిన్నోడి అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. చెవి పుస్తకం ఈ రాత్రే మొదలుపెడతాను. టీచర్ గారూ, కంటి పుస్తకం తేలికగా ఉందో కష్టంగా ఉందో నాకెలా తెలుస్తుంది? ఆగినప్పుడు మాట అందించాలా, వద్దా?

రీడింగ్ టీచర్:
ఇరవై మాటలకి ఒకటి మించి తడబడితే ఒంటరిగా చదవడానికి అది కష్టం. మీరు పక్కన కూర్చుంటే పదింటికి ఒకటి వరకూ ఫర్వాలేదు. అంతకన్నా ఎక్కువైతే ఆ పుస్తకం చెవి వైపుకి మార్చేయండి. ఆగిన మాటలో నేర్చుకున్న అక్షరాలే ఉంటే కాస్త ఆగండి, మాట మొదటి భాగం తప్ప మిగతాది వేలితో మూసి, కొంచెం కొంచెం తెరుస్తూ పలికించండి. ఇంకా నేర్పని ఒత్తు అయితే మాట మీరే చెప్పేసి ముందుకి పోనివ్వండి. అదే పుస్తకం మళ్లీ చదువుతానంటే వద్దనకండి, వేగం రెండోసారీ మూడోసారీ చదివేటప్పుడే వస్తుంది. ఏ ఒత్తుల దాకా నేర్పారో వాళ్ల టీచర్‌ని కనుక్కుని ఇక్కడ రాయండి, దాన్నిబట్టి మొదటి పుస్తకంలో ఏమేం ఉండాలో చెప్తాను.